ఆదివారం ఐదు నిమిషాలు

గంజి పొంగుతోంది.

పొయ్యికి ఇటు భర్త, అటు భార్య. ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది, ఇద్దరి చేతులూ ఖాళీగానే ఉన్నాయి. గంజి ఆవిడది కాబట్టి తను ముట్టుకోనని ఆయన, పొయ్యి ఆయనకి దగ్గర కాబట్టి ఆయనే దించాలని ఆవిడ. నోరు విప్పితే ఒక్క ముక్కలో తేలిపోయే వ్యవహారం. కానీ ఆదివారం నుంచి వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. ఇవాళ గురువారం.

"దించండర్రా!" అని లోపలి గదిలోంచి ఆయన తల్లి కేక పెట్టింది. "ఇక్కడ పడుకున్న నా ముక్కుకే వాసన వస్తోంది. మీ ముక్కులేం చేస్తున్నాయి?"

"అమ్మా, గిన్నె ఎవరిదో వాళ్ళని దించుకోమను," అన్నాడాయన గోడతో.

"అత్తయ్యా, దగ్గరున్నవాళ్ళని దించమనండి," అంది ఆవిడ కిటికీతో.

వీళ్ళతో అయ్యే పని కాదని గంజికే విసుగొచ్చింది. అంచు దాటి, పొయ్యంతా పరుచుకుని, మంట ఆర్పేసింది. అప్పుడు మాత్రం ఇద్దరూ ఒక్కసారే గ్యాసు కట్టెయ్యడానికి చెయ్యి చాపారు. వేళ్ళు తగిలాయి. ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తీసుకున్నారు. చివరికి ముసలావిడే లేచి, చేతికర్ర ఠకఠకలాడించుకుంటూ వచ్చి, గ్యాసు కట్టేసి వెళ్ళింది.

"ఒక మొండివాడుంటేనే రాజు భయపడతాడట. ఇద్దరున్న ఇంట్లో నేను బతుకుతున్నాను," అంది వెళ్తూ వెళ్తూ.

వీధిలో ఆయన్ని మడత మాస్టారు అంటారు. ఆయన ఇస్త్రీ చేసిన చొక్కాకి ఉండాల్సిన మడత తప్ప వేరే మడత భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. మడతపేచీల్లో కూడా ఆయన మాస్టారేనని భార్య అభిప్రాయం. పైన ఇల్లు, కింద లాండ్రీ. ఉతుకు, గంజి, బొత్తాలు ఆవిడవి. ఇస్త్రీ, మడత, కాగితం చుట్టడం ఆయనవి. ఇరవై రెండేళ్ళుగా ఒకే గదిలో ఎదురెదురుగా నిలబడి పనిచేస్తున్నారు. ఆ ఇరవై రెండేళ్ళలో ఒకే ఒక్క విషయం తేలలేదు. చొక్కా చేతి మీద గీత కత్తిలా నిలబడాలంటే గంజి కావాలని ఆవిడ. అక్కర్లేదు, తడిగుడ్డ వేసి నొక్కడం తెలియాలని ఆయన.

ఆ తగాదాయే ఆదివారం కొంప ముంచింది.

*

పదకొండు గంటలకు కోర్టు గుమాస్తా నల్లకోటు కోసం వచ్చి, పాపం, మధ్యలో ఇరుక్కున్నాడు.

"కోటు అయిందా మాస్టారూ?"

"నా వరకూ అయింది. బొత్తాం సంగతి నాకు తెలీదు, అడగండి."

గుమాస్తా ఆవిడ వైపు తిరిగాడు.

"బొత్తాం మొన్ననే కుట్టేశానండీ. కోటు ఎక్కడ తగిలించారో తగిలించినవాళ్ళకే తెలియాలి, అడగండి."

గుమాస్తా మళ్ళీ ఇటు తిరిగాడు. అలా మూడుసార్లు తిరిగాక మెడ పట్టుకున్నాడు. "మా కోర్టులోనూ ఇంతేనమ్మా. ఎదుటివాడు పక్కనే ఉంటాడు, చెప్పడం మాత్రం జడ్జిగారికి. ఇక్కడ జడ్జి ఎవరు?"

"ఆదివారం నాలుగింటికి ఫోన్ చేస్తాడు," అందావిడ.

"చిన్నోడా? బాగున్నాడా? మిలిటరీ ట్రైనింగులో బాగా తోముతారంటారు."

అంతే. కట్ట తెగింది. ఇద్దరూ గుమాస్తాకి చెరోవైపూ నిలబడి చెప్పడం మొదలుపెట్టారు.

అక్కడ ఫోన్లు వారమంతా పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ఆదివారం సాయంత్రం మనిషికి ఐదు నిమిషాలు ఇస్తారు. పోయిన ఆదివారం చిన్నోడు ఫోన్ చేసి, 'నాన్నా, చొక్కా చేతి గీత సరిగ్గా రావట్లేదు, ఎలా చెయ్యాలి?' అని అడిగాడు. మాస్టారు చెప్పడం మొదలుపెట్టాడు. కాలరు, తర్వాత కఫ్, తర్వాత చెయ్యి, గుడ్డ తడిపి పిండి ఇలా పరిచి... ఆవిడ ఫోన్ లాక్కుంది. గంజి లేకుండా గీత నిలబడుతుందట్రా, మీ నాన్న మాట వింటే మధ్యాహ్నానికి చొక్కా చేపల సంచి అవుతుంది. ఆయన మళ్ళీ లాక్కున్నాడు. నీ గంజికి చొక్కా కాదు, తలుపు తయారవుతుంది.

"వాడు మధ్యలో 'అది సరేగానీ నాన్నా, ఇంకో మాట' అన్నాడండీ," అందావిడ. "'అమ్మా, ఇంకో మాట' అని నాతోనూ అన్నాడు. ఈయన ఆగితేగా!"

"ఎవరు ఆగలేదో మీరే ఊహించుకోండి గుమాస్తాగారూ."

"తర్వాత?"

"తర్వాతేముంది, ఈల వేశారు. ఫోన్ ఆగిపోయింది."

గుమాస్తా కోటు ఎక్కడుందో తనే వెతికి తీసుకున్నాడు.

"ఆ ఇంకో మాట ఏమిటంటారు?" అని అడిగాడు గుమ్మంలో ఆగి.

"అదే తెలీకే కదండీ ఈ చావు," అందావిడ.

*

కూతురు ఆరింటికి వచ్చింది. ఆ పిల్ల పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. పొద్దస్తమానం అందర్నీ నోరు తెరవమని బతిమాలడం, ఇంటికొచ్చి వీళ్ళని నోరు ముయ్యమని బతిమాలడం తన ఉద్యోగమని చెప్పుకుంటుంది. ఈ నాలుగు రోజులుగా మాత్రం ఇంట్లోనూ నోరు తెరిపించే పనే పడింది.

వస్తూనే వంగి, ఇస్త్రీ బల్ల కాలి కింద నుంచి నీలం రంగు పుస్తకం ఒకటి లాగింది. బల్ల ఒరిగింది.

"ఏయ్, ఏయ్! పెట్టె జారిపోతుంది!" అని మాస్టారు ఇస్త్రీ పెట్టె పట్టుకున్నాడు.

"నాన్నా, ఇది తమ్ముడి క్యాంపు నుంచి మీ ఇద్దరి పేరా వచ్చింది. శిక్షణలో చేరిన పిల్లల తల్లిదండ్రులు చదువుకోవడానికి. బల్లకి ఎత్తు పెట్టుకోవడానికి కాదు."

"సరిగ్గా సరిపోయింది మరి," అన్నాడాయన.

అందర్నీ కూర్చోబెట్టింది. ముసలావిడ కుర్చీలో, మాస్టారు బల్ల మీద, తల్లి మాసిన బట్టల మూట మీద. కూతురు నిలబడి బడిపంతులమ్మలా చదివింది.

"'మీ అబ్బాయి గొంతు బొంగురుగా వినిపిస్తే కంగారు పడకండి. రోజంతా గట్టిగా అరవడం శిక్షణలో భాగం.'"

"జలుబు చేసిందని మొన్న రాత్రంతా ఏడ్చింది మీ అమ్మ," అన్నాడు మాస్టారు.

"'తినుబండారాలు పంపకండి. పంపితే గదిలో అందరికీ పంచాలి. తిన్నవాళ్ళందరూ తర్వాత అదనంగా పరిగెత్తాలి.'"

"ఎంత దూరం?" అంది ముసలావిడ. ఆవిడ తన మంచం కింద డబ్బాలో ఏదో దాస్తోందని అందరికీ తెలుసు.

"అది రాయలేదు నానమ్మా. 'ఫోన్ సమయం మీ అబ్బాయిది. ముందు అతన్ని మాట్లాడనివ్వండి. మీరు వినండి.'"

మాస్టారు తన గోళ్ళు చూసుకున్నాడు. ఆవిడ మూటలోంచి ఒక మేజోడు తీసి దాని జత కోసం వెతకడం మొదలుపెట్టింది.

"'ఇంట్లో తగాదాలు ఫోన్లోకి తేకండి.'"

"అది నీకు," అన్నాడు మాస్టారు.

"అది మీకు," అందావిడ.

నాలుగు రోజుల తర్వాత వాళ్ళు నేరుగా అనుకున్న మొదటి మాటలవి. కూతురు గమనించి కూడా గమనించనట్టు పేజీ తిప్పింది.

"'మూడో వారంలో, నాలుగో వారంలో చాలామందికి ఇంటి మీద బెంగ పుడుతుంది. అది సహజం, గడిచిపోతుంది. ఆ సమయంలో వచ్చెయ్ అని మాత్రం అనకండి. నిర్ణయం అతనిదే. మొదటి నెల...'"

"'మొదటి నెల పూర్తయ్యేలోపు ఇష్టం లేనివారు చెప్పి వెళ్ళిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఆ తర్వాత కుదరదు,'" అంది తల్లి, పుస్తకం చూడకుండా. "సోమవారంతో నెల."

మాస్టారు తలెత్తాడు. "నువ్వు చదివావా ఇది?"

"మీరు బల్ల కింద పెట్టకముందే."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేవారు? ఇంకో బల్లకి కూడా ఒకటి తెప్పించమనేవారు." మేజోడు ఒళ్ళో పడేసింది. "వాడు అడగబోయింది అదే. నాకు తెలుసు. 'అమ్మా, వచ్చేయనా' అని. ఇంకో మాట, ఇంకో మాట అని రెండుసార్లన్నాడు. నేను గంజి గురించి చెప్పుకుంటూ కూర్చున్నాను."

"అడిగితే ఏమంటావు?"

"రమ్మంటాను."

"నువ్వా!" మాస్టారు బల్ల దిగాడు. "వాడు వెళ్తానంటే నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. 'పిల్లాడికి ఇష్టమైన పని, మీ ఇస్త్రీ పెట్టె వాడి మెడకి కట్టకండి' అన్నదెవరు?"

"నేనే. అప్పుడు వాడు ఇంట్లో ఉన్నాడు కాబట్టి అనగలిగాను."

జవాబు దొరకనప్పుడు గొంతు పెంచడం ఆయన అలవాటు. "ఉండాలి! వచ్చేస్తే సగంలో పారిపోయి వచ్చాడంటారు. నేను మాత్రం ఉండమంటాను."

"ఎవరంటారు? మీరు వెళ్ళే సెలూన్లో పేపర్లు చదివే జనమా? మీకు వీధిలో గొప్ప కావాలి, అంతే."

"గొప్పే! కాదన్నానా? గొప్పగానే ఉంది నాకు." గొంతు అక్కడిదాకా పెరిగి, అక్కడ విరిగింది. "వాడు ఈ గదిలోనే పాకాడు, ఈ బల్ల కిందే ఆడుకున్నాడు. తన తువ్వాలు తను మడవలేదు ఏనాడూ. ఇది ఎలా చేస్తావు నాన్నా అని ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు. మొన్న అడిగాడు. ఆ సంతోషంలో... వాడి రెండో మాట నాకు వినపడలేదే. ఒట్టు. వినపడి ఆగకపోవడం కాదు."

ముసలావిడ కర్రతో నేల మీద రెండుసార్లు కొట్టింది.

"ఇద్దరూ వినండి. రమ్మనీ అనొద్దు, ఉండమనీ అనొద్దు. అడిగితే, నీ మనసులో ఏముందిరా అని వాణ్ణే అడగండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రచ్చ గెలవడానికి వెళ్ళిన కుర్రాడికి ఇంట్లోంచి వినిపించాల్సింది మీ రచ్చ కాదు."

*

శనివారం మధ్యాహ్నం రిహార్సల్ పెట్టారు.

కూతురు పైకి వెళ్ళి తన ఫోన్లోంచి కిందికి ఫోన్ చేసింది. నియమాలు ముందే చెప్పింది. ఫోన్ బల్ల మీద ఉండాలి, స్పీకర్లో. ఎవరూ చేత్తో ముట్టుకోకూడదు. వాడు అడిగినదానికే జవాబు. చొక్కా ఊసు ఎవరెత్తితే వాళ్ళకి నానమ్మ కర్ర.

"అమ్మా, బాగున్నావా?" అంది ఫోన్లో, గొంతు లావు చేసుకుని.

"బాగున్నాను. తిన్నావా?"

"తిన్నాను. నాన్నేం చేస్తున్నాడు?"

"వింటున్నాను," అన్నాడు మాస్టారు నిటారుగా కూర్చుని. పాపం, అంతవరకూ బాగానే చేశాడు. "నువ్వు కానీ. మొన్న కాలరు ముందు చెయ్యమన్నానా, కఫ్ దగ్గర మాత్రం..."

ముసలావిడ కర్ర మోకాలికి తగిలింది.

"సరే సరే! తప్పయింది!"

ఆయన భార్యకి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకో నిమిషం ఉంటే ఆ ఇల్లు మామూలయ్యేదే. కానీ పైనుంచి కూతురు, ఆట రక్తి కట్టిస్తున్నాననుకుని, అదే గొంతుతో అడిగేసింది.

"అమ్మా, వచ్చేయనా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఫోన్ వైపు చూసింది. లేచి, ఉతికిన బట్టల బకెట్ తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ బట్టలు అప్పటికే ఒకసారి ఆరేసి తీసినవి.

కూతురు కిందికి దిగొచ్చి తల పట్టుకుంది. "నాదే తప్పు నాన్నా. అడగకుండా ఉండాల్సింది."

"రేపు వాడు అడగడా ఏంటి," అన్నాడు మాస్టారు.

సాయంత్రం లాడ్జి వాళ్ళ దుప్పట్లు వచ్చాయి. దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. వారమంతా కూతురు అటు పట్టుకుంది. ఆ పూట ఆ పిల్ల స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. కావాలనే వెళ్ళిందేమో.

మాస్టారు ఒక దుప్పటి రెండు కొసలు పట్టుకుని నిలబడ్డాడు. పిలవలేదు. ఆవిడే వచ్చి అటు కొసలు పట్టుకుంది. విదిలించారు, సాగదీశారు, సగానికి మడిచారు. దగ్గరికి నడిచి కొసలు కలిపారు. ఆయన చేతిలోంచి ఆవిడ అంచు అందుకుంది. మళ్ళీ దూరం జరిగారు. అలా నాలుగు దుప్పట్లు, మాటా పలుకూ లేకుండా.

ఐదోదానికి కొసలు కలిపేటప్పుడు ఆయన వదల్లేదు.

"నాకు మాత్రం బెంగ లేదనుకుంటున్నావా?" అన్నాడు మెల్లగా. "పొద్దున షట్టర్ ఎత్తగానే 'ఒరేయ్ లేవరా' అని పైకి కేకేస్తున్నాను. రోజూ. కేకేశాక గుర్తొస్తోంది."

"వింటున్నాను," అందావిడ. "రోజూ వింటున్నాను."

"మరి నవ్వు రాలేదా నీకు?"

"నేను వాడికి కూడా కలిపి టీ పెడుతున్నాను. కప్పులో పోశాక గుర్తొస్తోంది. మీ అమ్మగారు అందుకే రోజూ రెండు తాగుతున్నారు."

మాస్టారు నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూనే. లాడ్జి వాళ్ళ దుప్పటి మధ్యలో ఉండిపోయింది.

"రేపు వాడు అడిగితే..." అన్నాడాయన.

"అడిగితే, రమ్మనకుండా ఉండడం నా వల్ల కాదండీ. ముందే చెబుతున్నాను. మీరు కోప్పడినా సరే."

"కోప్పడను."

"ఉండమనడం మీరు మానుతారా?"

ఆయన ఆలోచించాడు. "ప్రయత్నిస్తాను," అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడమే గొప్ప. ఆవిడ ఇంకేం అడగలేదు. మిగతా దుప్పట్లు త్వరగానే అయిపోయాయి.

*

ఆదివారం నాలుగింటికి ముందే నలుగురూ బల్ల చుట్టూ చేరారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఫోన్లో కనిపించకపోయినా. ముసలావిడ కర్ర సిద్ధంగా ఉంది. మాస్టారు భార్య మాత్రం ఫోన్ వైపు చూడకుండా కూర్చుని, చేతిలో ఏదో బొత్తాం తిప్పుతోంది.

ఫోన్ మోగింది. తెర మీద చిన్నోడి పేరు చూసి కూతురు స్పీకర్ నొక్కింది.

నియమం ప్రకారం ఎవరూ మాట్లాడలేదు. అటు నుంచీ ఎవరూ మాట్లాడలేదు. ఎక్కడో దూరంగా బూట్ల చప్పుడు, ఎవరో నవ్వడం వినిపించాయి.

"అమ్మా..." అంది ఒక గొంతు. బొంగురుగా ఉంది గానీ చిన్నోడి గొంతు కాదు. "నమస్తే అమ్మా. నేను మీవాణ్ణి కాదు. మీవాడి పక్క మంచం వాణ్ణి."

బొత్తాం కింద పడింది. "వాడికేమైంది?"

"ఏం కాలేదమ్మా! ఏం కాలేదు. ఇక్కడే ఉన్నాడు, నా పక్కనే. ఈ వారం తన ఐదు నిమిషాలు నాకిచ్చాడు. నాకు... ఫోన్ చేసుకోవడానికి ఎవరూ లేరని."

మాస్టారు నోరు తెరిచాడు. కర్ర లేచింది. నోరు మూశాడు.

వారం రోజులు కొడుకు గొంతు కోసం కాచుకున్న తల్లి ఆవిడ. ఫోన్ వాడికివ్వరా అంటే ఎవరూ తప్పు పట్టరు. ఆ మాట ఆవిడ పెదవి దాకా వచ్చింది కూడా. ఆ తర్వాత ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"తిన్నావా నాన్నా?" అంది.

"తిన్నానమ్మా." గొంతులో బిగువు కాస్త సడలింది. "పోయిన వారం మీ తగాదా మేం కొందరం విన్నామమ్మా. వాడు స్పీకర్లో పెట్టాడు. మా గదిలో నవ్వు వినపడింది ఆరోజే. ఇప్పుడు గది రెండు పార్టీలైంది. గంజి పార్టీ, తడిగుడ్డ పార్టీ."

"ఎవరు గెలిచారు?" మాస్టారు ఆగలేకపోయాడు. కర్ర తగిలినా పట్టించుకోలేదు.

"తనిఖీలో రెండు పార్టీలూ పాసయ్యాయండీ. ఏ పార్టీలోనూ చేరని నేను ఫెయిలయ్యాను."

అందరూ నవ్వారు. అటు వైపు కూడా ఎవరో నవ్వారు. ఆ నవ్వు గుర్తుపట్టి ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది.

"అమ్మా, మిమ్మల్నొకటి అడగాలి," అన్నాడా కుర్రాడు. "ఇక్కణ్ణించి వెళ్ళిపోవాలనుకునేవాళ్ళు రేపటిలోగా చెప్పాలి. నేను వెళ్ళిపోనా, ఉండనా?"

కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. ఈ ప్రశ్నకే కదా రిహార్సల్ చేసింది. కాకపోతే వేరే నోట వచ్చింది.

"వెళ్ళి ఏం చేస్తావు?" అందావిడ.

"ఇంతకుముందు టైర్ల షాపులో ఉండేవాణ్ణి. మళ్ళీ రమ్మంటున్నారు. పడుకోవడం కూడా అక్కడే."

"అక్కడెలా ఉండేది?"

"ఉండేది అంతే."

"మరి ఇక్కడేది కష్టం? పరుగా?"

"లేదమ్మా. పరుగులో నేనే ముందుంటాను."

"తిట్లా?"

"తిట్లు అలవాటే."

"మరి?"

"ఆదివారం అందరూ ఫోన్లు పట్టుకుని తలో మూలకీ పోతారు. ఆ కాసేపు నేనెక్కడ నిలబడాలో తెలియట్లేదు."

ముసలావిడ కర్ర పక్కన పెట్టేసింది.

"ఇలా విను నాన్నా." చిన్నోడి తల్లి గొంతు గట్టిగా ఉంది. బట్టల మీద మరక చూసి, ఇది పోతుంది, ఇది పోదు అని చెప్పేటప్పటి గొంతు అది. "వారమంతా చెయ్యగలిగిన పని, ఒక్క కాసేపటి కోసం వదిలేస్తావా? అందరికన్నా ముందు పరిగెత్తేవాడివి, టైర్ల మధ్యకి పోయి పడుకుంటావా? ఉండు. ఆదివారం నీకెక్కడ నిలబడాలో నేను చెబుతాను. మావాడి పక్కన నిలబడి, వాడి ఫోన్లోంచి నీ వంతుకి నువ్వు నాకు చెయ్యి. ట్రైనింగు అయ్యాక వాడితో పాటు ఇక్కడికే రా. ఇంకో మంచం వేస్తాం."

"ఉండమంటారా అమ్మా?"

"ఉండమంటున్నాను."

"మళ్ళీ మాట మార్చరుగా?"

"మార్చను. ఉండు."

మాస్టారు భార్య వైపు చూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆవిడని ఆయన అలా చూడటం అదే మొదటిసారి.

అటు నుంచి గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు. ఇద్దరు ఏదో గుసగుసలాడారు. తర్వాత ఆ కుర్రాడే అన్నాడు. "అమ్మా, కోప్పడకండి. ఒక సంగతి చెప్పలేదు మీకు. మీవాడు కూడా ఉండాలో వెళ్ళాలో తేల్చుకోలేకపోతున్నాడు. పోయినవారం అడగబోయింది అదే. ఈ వారం నన్ను అడగమన్నాడు."

"అదేంటి?" అంది కూతురు.

"'నేనడిగితే అమ్మ నిజం చెప్పదు, నా మీద ప్రేమ చెబుతుంది. నువ్వడుగు. నీకేది మంచిదో అదే చెబుతుంది. నీకేం చెబితే నేనూ అదే చేస్తాను' అన్నాడు."

కూతురు తల్లి వైపు తిరిగింది.

మాస్టారు కోరుకున్న జవాబే వచ్చింది. అదీ ఆవిడ నోటినుంచే, ఆయన ఒక్క మాట అనకుండా. అయినా ఆయన ముఖంలో గెలిచిన కళ లేదు. భార్య చేతుల వైపు చూశాడు. అవి బల్ల అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"అమ్మా." ఈసారి ఆ గొంతు చిన్నోడిదే. బొంగురుపోయి, పెద్దవాడి గొంతులా ఉంది. "ఇంకో నిమిషం ఉంది. నువ్వన్న మాట వాడొక్కడికేనా, నాక్కూడానా?"

ఆవిడ భర్త వైపు చూసింది.

"చెప్పు," అన్నాడాయన. "నీ మనసుకి ఏదనిపిస్తే అది. నేను మధ్యలో రాను."

ఆవిడ నియమాలన్నీ పక్కన పెట్టి ఫోన్ చేతిలోకి తీసుకుంది. స్పీకర్ ఆపేసి, చెవికి ఆనించుకుని, అందరికీ వీపు పెట్టి నిలబడింది.

"చిన్నోడా, విను," అంది.